ఎండదెబ్బ తిన్న డి.ఎన్.ఏ.ని పట్టుకునేది ఎవరు?

మధ్యాహ్నం పూట గ్రౌండులో ఒక గంట కబడ్డీ ఆడి వచ్చామనుకోండి. మనకు కనబడేది చెమట, దుమ్ము. కనబడకుండా ఇంకొకటి జరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం పైపొర కణాల్లోకి దూరి, అక్కడి డి.ఎన్.ఏ.ని ఒక్కో కణంలో వేల చోట్ల పాడు చేయగలవు. నల్లటి చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి దెబ్బ తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. అయినా మర్నాడు మళ్ళీ ఆడతాం, ఏమీ కాదు. ఎందుకంటే దాన్ని బాగుచేసే ప్రోటీన్లు కణంలోనే ఉన్నాయి. ప్రోటీన్ అంటే మనకు పప్పు, గుడ్డు గుర్తొస్తాయి. కణంలో మాత్రం ఒక్కో ప్రోటీను ఒక్కో పనివాడు అన్నమాట.

డి.ఎన్.ఏ. మెలి తిరిగిన నిచ్చెనలా ఉంటుందని చదువుకున్నాం. నేనైతే దాన్ని మన ప్రేయర్ లైన్లలా ఊహించుకుంటాను. రెండు లైన్లు ఎదురెదురుగా నిలబడి, ఎవడి ఎదుటివాడి చెయ్యి వాడు పట్టుకున్నాడు. ‘ఎ’ అనేవాడు ‘టి’ చెయ్యే పట్టుకోవాలి, ‘జి’ అనేవాడు ‘సి’ చెయ్యే పట్టుకోవాలి. ఇలాంటి జతలు ఒక్కో కణంలో సుమారు 600 కోట్లు! ఎండ తగిలినప్పుడు ఒకే లైనులో పక్కపక్కన ఉన్న ఇద్దరు ‘టి’లు ఒకరికొకరు అతుక్కుపోతారు. ఎదుటివాళ్ళ చేతులు వదిలేస్తారు, లేదా సగం సగం పట్టుకుంటారు. అక్కడ లైను వంకర పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 600 కోట్ల జతల్లో ఆ ఒక్క చోటు ఎలా దొరుకుతుంది? వెతికే పని ‘ఎక్స్.పి.సి.’ అనే ప్రోటీన్‌ది. అది అతుక్కుపోయిన ఇద్దర్నీ పట్టుకుంటుందని మీరు అనుకుంటారు. కానీ అది చూసేది అవతలి లైను! ఎవరి చెయ్యి ఖాళీగా వేలాడుతోందో అక్కడ ఆగి, తన శరీరంలోని ఒక మడతను రెండు లైన్ల మధ్యకు దూర్చి, బాగున్నవాళ్ళనే గట్టిగా పట్టుకుంటుంది. 2007లో ఈస్ట్‌లోని ఇలాంటి ప్రోటీన్ ‘రాడ్4’ డి.ఎన్.ఏ.ని పట్టుకున్నప్పటి ఆకారాన్ని శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అందులో పాడైన అక్షరాలను అది ముట్టుకోనేలేదు. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చింది ఇదే. దెబ్బలు ఎన్నో రకాలు. ఒక్కో రకానికి ఒక్కో ప్రోటీన్ పెట్టుకోవాలంటే ఎన్ని కావాలి? ఖాళీ చేతిని గుర్తుపడితే చాలు, ఒక్క ప్రోటీనే చాలా రకాలను కనిపెట్టగలదు.

ఐతే దీనిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చేతులు సగం పట్టుకున్న చోట వంకర చాలా తక్కువ కాబట్టి ఎక్స్.పి.సి.కి అది అందదు. అక్కడ ‘డి.డి.బి.2’ ఉన్న ఇంకొక ప్రోటీన్ జట్టు ముందు వెళ్ళి పట్టుకుని, దానికి చోటు చూపిస్తుంది. రెండోది, దెబ్బ లేకుండానే తప్పు జత పడినా చేతులు ఖాళీగా ఉంటాయి. కాబట్టి ఒకరి మాట మీద కొయ్యరు. ఎక్స్.పి.సి. పిలిస్తే ‘టి.ఎఫ్.2.హెచ్.’ అనే ప్రోటీన్ల జట్టు వచ్చి రెండు లైన్లనూ విడదీస్తుంది. అందులోని ‘ఎక్స్.పి.డి.’ ఒక లైను వెంబడి జరుగుతూ పోతుంది. నిజంగా దెబ్బ ఉంటే అక్కడ ఇరుక్కుని ఆగిపోతుంది. ఆగితేనే మిగతా పని.

తర్వాత రెండు కత్తెర ప్రోటీన్లు దెబ్బకు అటూ ఇటూ కోసి, సుమారు 30 అక్షరాల ముక్కను తీసేస్తాయి. ఎదుటి లైను చూసి కొత్త అక్షరాలు నింపడం, చివర అతికించడం మామూలే. (పక్క బొమ్మలో ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీసింది ఆ ముక్కే.)

ఇలాంటి కోతనే బ్యాక్టీరియాలో 1983లో విడమరిచి చూపినవారిలో ముఖ్యుడు అజీజ్ సంజార్. టర్కీలోని సవూర్ అనే చిన్న ఊరివాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు, తల్లిదండ్రులకు చదువు లేదు. డాక్టరు చదివి కొన్నాళ్ళు సొంత ప్రాంతంలో పల్లెటూరి వైద్యం చేసి, తర్వాత అమెరికా వెళ్ళి ఈ పరిశోధన చేశాడు. 2015లో లిండాల్, మోడ్రిచ్‌లతో కలిసి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు.

ఇంతకీ ‘ఎక్స్.పి.’ అంటే ఏమిటి? అది ఒక జబ్బు పేరు, జెరోడెర్మా పిగ్మెంటోసమ్. ఈ పనివాళ్ళలో ఒక్కడు పుట్టుకతో సరిగా లేకపోయినా వస్తుంది. వీళ్ళ కణాలు ఎండదెబ్బను బాగుచేసుకోలేవని 1968లో అమెరికాలో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. అలాంటి పిల్లలకు ఒకటి రెండేళ్ళ వయసులోనే ఎండ తగిలే చోట్ల, అంటే మొహం, మెడ, చేతుల మీద మచ్చలు వస్తాయి. వెలుతురు చూస్తే కళ్ళు మండుతాయి. ఎండ నుంచి కాపాడకపోతే చాలామందికి పదేళ్ళ వయసుకే చర్మ క్యాన్సర్ వస్తుంది. అలాంటి పిల్లవాణ్ణి చూస్తే మన ఊళ్ళలో ఏమంటారో మీకు తెలుసు. శాపం అంటారు, ఎవరో చేశారంటారు, పక్కన కూర్చోనివ్వరు. అది అంటుకునే జబ్బు కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ పాడైతేనే వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ వాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గర చుట్టాలకు ఒకే తాత నుంచి అదే పాడైన జన్యువు వచ్చి ఉండవచ్చు. అందుకే మేనరికం పెళ్ళిళ్ళలో ఇలాంటి జబ్బులు ఎక్కువ. జబ్బు అరుదైనదే, మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా వస్తుందని నా ఉద్దేశం కాదు.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ ఎండను ఆపితే క్యాన్సర్‌ను చాలావరకు ఆపవచ్చు. నిండు చేతుల చొక్కా, మొహం మీద గుడ్డ, కళ్ళకు అద్దాలు, పగలు గదిలో ఉండి పొద్దు గూకాక ఆటలు. ఏడాదికి కొన్నిసార్లు పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించాలి. చిన్నపిల్లల మొహం మీద అలాంటి మచ్చలు, వెలుతురుకు కళ్ళు మూసుకోవడం రెండూ కలిసి కనబడితే, భూతవైద్యుడి దగ్గరికి వెళ్ళే ముందు ఏ.ఎన్.ఎమ్. అక్కకు చూపించమని ఇంట్లో చెప్పండి.