చెరకు దీవి నుంచి ఉత్తరం

బోధన్ అనగానే మనకు చెరకు గుర్తుకొస్తుంది. అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. అదే ఏడాది హైదరాబాద్ సంస్థానం, నిజాం పాలన రజతోత్సవానికి గుర్తుగా నాలుగు తపాలా బిళ్లలు విడుదల చేసింది. వాటిలో ఒకదానిపై ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరొకదానిపై ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తాయి. ఇలా ఒక సంఘటనకో, వ్యక్తికో జ్ఞాపకంగా వేసేవే స్మారక తపాలా బిళ్లలు.

చెరకు కథ దాగిన స్మారక బిళ్లలు పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లోనూ వచ్చాయి. భారతీయులు అక్కడ అడుగుపెట్టి నూరేళ్లయిన సందర్భంగా 1979లో ఫిజీ వాటిని వెలువరించింది. 1879లో ‘లియోనిడాస్’ అనే తెరచాప ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను తీసుకువెళ్లింది. 1916 వరకు 60 వేలమందికి పైగా అలా వెళ్లారు. ఎక్కువమందికి పని చెరకు తోటల్లోనే. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఓడ ఎక్కేవారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. పని ఒప్పందం ఐదేళ్లు. ‘అగ్రిమెంట్’ అన్న మాట వారి నోట ‘గిర్మిట్’ అయింది. అన్నాళ్లూ ఇంటివారి క్షేమం తెలియాలంటే ఉత్తరమే ఆధారం. చదువు రానివారు అది కూడా ఇంకొకరిచేత రాయించుకోవాలి.

మరి ఆ ఉత్తరం సముద్రం ఎలా దాటేది?

తెరచాప ఓడ గాలి మీద ఆధారపడుతుంది. పడమటి గాలుల కోసం ఆస్ట్రేలియాకు దక్షిణంగా చుట్టు తిరిగి వెళ్లాలి. అందువల్ల ఫిజీ ప్రయాణానికి సగటున 73 రోజులు పట్టేది. ఆవిరి ఓడకు 30 రోజులు చాలు. బొగ్గు మండి నీరు ఆవిరవుతుంది. ఆవిరి పిస్టన్లను నెడితే ఓడ వెనుకనున్న మర తిరుగుతుంది. మొదటి సిలిండరులో పనిచేసిన ఆవిరిని ఇంకా పెద్ద సిలిండరులోకి పంపి మళ్లీ పని చేయించే యంత్రాలు 1860ల తరువాత వ్యాపించాయి. దాంతో బొగ్గు ఆదా అయి, దూర ప్రయాణాలు సులువయ్యాయి. గాలి కోసం ఎదురుచూడనక్కరలేదు గనుక తపాలా ఓడలు చెప్పిన తేదీకి బయలుదేరగలిగాయి.

ఫిజీ ఉత్తరం సాధారణంగా ఒకే ఓడలో వచ్చేది కాదు. సువా నుంచి సిడ్నీకి, అక్కడ ఓడ మారి కొలంబోకు, ఆపైన మన దేశానికి చేరేది. దారిలో ఇన్ని దేశాలుంటే ఎన్ని బిళ్లలు అంటించాలి? పంపిన దేశపు బిళ్ల ఉంటే చాలు. 1874లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ఏర్పడిన తపాలా సమాఖ్య తెచ్చిన ఏర్పాటిది. భారతదేశం అందులో 1876లో చేరింది.

మీ ఇంట్లో పాత విదేశీ కవరు దొరికితే బిళ్లను ఊడదీయకండి. దాని మీది ముద్రలో ఉత్తరం బయలుదేరిన తేదీ ఉంటుంది. చేరిన ఊరి ముద్ర చాలా కవర్లకు వెనకవైపు ఉంటుంది. ఒక తేదీలోంచి మరొకటి తీసివేయండి. ఇంటివారు ఆ ఉత్తరం కోసం ఎన్నాళ్లు ఎదురుచూశారో తెలుస్తుంది.