అంగడికి సొంత చిరునామా

ఒకప్పుడు అంగడి పెట్టదలచినవాళ్లు నలుగురూ నడిచే వీధి ఎక్కడుందా అని చూసుకునేవారు. ఇవాళ ఆ నలుగురూ ఫోను చూసుకుంటూ నడుస్తున్నారు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం కల్పించినప్పుడు అది పెద్ద కంపెనీల సొమ్ము అనుకున్నాం. ఇప్పుడు పచ్చళ్లు పట్టే ఇల్లాలికీ, చీరలు నేసే కుటుంబానికీ కూడా అది కావలసి వచ్చింది. అందుకే కాస్త కంప్యూటర్ తెలిసిన విద్యార్థి కనబడితే చాలు, "మాకూ ఓ వెబ్‌సైటు చేసిపెట్టు బాబూ" అంటున్నారు. మనలో చాలామంది సెలవుల్లో ఈ పని చేస్తూనే వున్నారు. అయితే ఇది రంగురంగుల బొమ్మలు అతికించే సరదా పని కాదు. ఒక కుటుంబం తిండి దాని మీద ఆధారపడి వుంటుంది.

ఉదాహరణకు గోదావరి సీమలోని ఆత్రేయపురం పూతరేకులను తీసుకుందాం. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, అమ్మేది చిన్న చిన్న దుకాణాలు. కొనేవాళ్లు మాత్రం హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, ఇంకా దూరాన కూడా వున్నారు.

ఈ దూరపు కొనుగోలుదారుకు ఏం కావాలి? బెల్లంవా, పంచదారవా? నెయ్యి ఎలాంటిది? పెట్టెలో ఎన్ని? ఎన్నాళ్లు నిలవ వుంటాయి? పార్సిలు ఖర్చుతో కలిపి ఎంత? దారిలో నలిగిపోతే ఎవరిది పూచీ? ఈ ఆరు ప్రశ్నలకూ మొదటి పేజీలోనే జవాబు దొరకాలి. మనవాళ్లు చేసేదేమిటంటే, "నాణ్యతే మా ధ్యేయం" అని పెద్దక్షరాలతో రాసి, కింద ఒక దీపం కదులుతున్నట్టు పెట్టి, ధర కావాలంటే ఫోను చెయ్యండి అంటారు. ధర దాచిన అంగడి మీద ఎవరికైనా అనుమానమే గదా!

ఇక ఫొటోల సంగతి. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లు అనుకుంటే, పది ఫొటోలకు నలభై. సెకనుకు రెండు మెగాబిట్ల వేగంతో అవి రావడానికి 160 సెకన్లు పడుతుంది. అంతసేపు ఎవడాగుతాడు? అవే ఫొటోలను ఒక్కొక్కటి 150 కిలోబైట్లకు కుదిస్తే ఆరు సెకన్లలో వచ్చేస్తాయి. కుదించడానికి పైసా ఖర్చు లేదు. మనం ల్యాబులో వేగమైన లైను మీద చూసి "బ్రహ్మాండంగా వుంది" అనుకుంటాం. రైల్లో కూర్చున్నవాడి ఫోనులో కూడా ఒకసారి తెరిచి చూడాలి.

గూగుల్ వంటి యంత్రాలు పేజీలో వున్న మాటలను చదివి, జాబితా కట్టుకుని, అడిగినవాడికి వెతికి చూపిస్తాయి. ధరల పట్టికను అందమైన బొమ్మగా చేసి పెడితే కళ్లకు బాగానే వుంటుంది గాని, దాన్ని మాటలుగా టైపు చేసి పెడితేనే ఆ యంత్రాల పని సులువు. పైగా మన మాటలతో ఒక చిక్కు వుంది. పూతరేకులను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒక ఓతో రాస్తారు, ఒకరు రెండు ఓలతో. ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. అందుచేత తెలుగులోనూ, ఆ రెండు మూడు స్పెల్లింగులలోనూ పేరు పేజీలో సహజంగా కనబడేటట్టు రాయడం తెలివైన పని. "మిమ్మల్ని గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతాం, గ్యారంటీ" అని డబ్బు అడిగేవాణ్ణి మాత్రం నమ్మవద్దు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని ఆ సంస్థే చెబుతోంది.

ప్రకటనలకు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఒక నొక్కుకు అయిదు రూపాయలు, నూరుమంది నొక్కితే ఇద్దరు కొన్నారు అనుకుందాం. అయిదువందలు పెడితే రెండు పెట్టెలు పోయాయి. పెట్టెకు 250 రూపాయలు ప్రకటనకే! లాభం 120 అయితే, అమ్మిన ప్రతి పెట్టెకూ 130 చేతినుంచి పడుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది చిరునామా. చాలామంది చిన్న వ్యాపారులు ఏదో ఒక పెద్ద సంస్థ ఇచ్చిన ఉచితపు పేజీలోనే కాపురం పెడతారు. ఉచితమే గాని, ఇల్లు వాళ్లది. అమెరికాలో జియోసిటీస్ 2009లో మూతపడింది. ఆర్కుట్ 2014లో పోయింది. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షలమంది అభిమానులున్నవాళ్లు కూడా ఒక్కరాత్రిలో ఖాళీ అయిపోయారు. చిన్న దుకాణాలకు గూగుల్ ఉచితంగా కట్టిచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆ సంస్థే ఎత్తివేసింది. అలాగని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వద్దని కాదు, సంతకు వెళ్లవలసిందే. కాని సంతలో కలిసినవాడికి మన ఇంటి గుర్తు చెప్పి పంపాలి. ఆ గుర్తే డొమైను పేరు. దీన్ని ఏడాదికింత అని కట్టి, ఒక విడతలో పదేళ్లదాకా నమోదు చేసుకోవచ్చు. తెలుగు లిపిలోనే ".భారత్" అని ముగిసేవి కూడా దొరుకుతాయి.

ఇక్కడే మన విద్యార్థులు తెలియక ఒక అపచారం చేస్తున్నారు. తొందరలో డొమైనును తమ పేరుతో, తమ ఈమెయిలుతో నమోదు చేసేస్తారు. తర్వాత చదువు పూర్తవుతుంది, ఉద్యోగానికి పుణే పోతారు, నంబరు మారుతుంది. గడువు హెచ్చరికలు ఎవరూ తెరవని మెయిలుకు వస్తూ వుంటాయి. గడువు దాటిపోతే ఆ పేరును ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. డబ్బాల మీద, సంచుల మీద, పెళ్లిళ్ల ఆర్డర్ల రసీదుల మీద అచ్చువేసిన చిరునామా అప్పుడు పరాయి అంగడికి దారి చూపిస్తుంది. పేరు నమోదు చేసిననాడే యజమాని పేరు, యజమాని ఈమెయిలు, యజమాని ఫోను రాయాలి. పాస్‌వర్డును కాగితం మీద రాసి గల్లాపెట్టెలో పెట్టించాలి. గడువు తేదీని దుకాణంలో వేలాడే తెలుగు క్యాలెండరు మీద ఎర్ర ఇంకుతో చుట్టి, ఒక నెల ముందు ఇంకో సున్న చుట్టి రావాలి.