నీటిని విడగొట్టే ఆకు

నీటిని ఎంత మరిగించినా ఆవిరి అవుతుందే తప్ప హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోదు. వేడితోనే విడగొట్టాలంటే రెండు వేల డిగ్రీల సెల్సియస్ పైన ఉష్ణోగ్రత కావాలి. అదే పనిని వరి ఆకు మామూలు ఎండలోనే చేస్తుంది.

మొక్కలు విడుదల చేసే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందని ఒకప్పుడు భావించేవారు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ తమ సహచరులతో కలిసి, బరువైన ఆక్సిజన్-18 కలిగిన నీటిని క్లోరెల్లా అనే శైవలానికి అందించారు. వెలువడిన వాయువులో ఆ ఆక్సిజనే కనిపించింది. దాంతో దాని మూలం నీరేనని తేలింది.

ఈ చర్య హరితరేణువుల్లోని ‘ఫోటోసిస్టమ్-2’ అనే ప్రోటీన్ల సముదాయంలో జరుగుతుంది. కాంతి పడగానే అక్కడి పత్రహరితం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోతుంది. ఆ లోటును పక్కనే ఉన్న ఒక చిన్న గుత్తి భర్తీ చేస్తుంది. అందులో నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఇలా నాలుగు విడతల్లో నాలుగు ఎలక్ట్రాన్లను కోల్పోయిన గుత్తి, రెండు నీటి అణువుల నుంచి వాటిని తిరిగి రాబట్టుకుంటుంది. అప్పుడు నాలుగు ప్రోటాన్లు, ఒక ఆక్సిజన్ అణువు విడుదలవుతాయి.

ఈ నాలుగు మెట్ల లెక్కకు ఆధారం 1969లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ జోలియో బృందం చూపింది. చీకట్లో ఉంచిన నమూనాపై వరుసగా కాంతి మెరుపులు ప్రసరింపజేస్తే, మూడో మెరుపుకు, ఆపై ప్రతి నాలుగో మెరుపుకు ఆక్సిజన్ ఎక్కువగా వెలువడింది. మరుసటి ఏడాది బెస్సెల్ కోక్ దీనిని వివరించారు. గుత్తిలోని పరమాణువుల అమరికను 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్పష్టంగా చూపారు.

నీటి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు చివరకు ఎన్‌ఏడీపీహెచ్‌ను తయారు చేస్తాయి. పొర లోపల పోగైన ప్రోటాన్లు బయటకు ప్రవహిస్తూ ఏటీపీ తయారీకి తోడ్పడతాయి. ఈ రెండింటి శక్తితోనే కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. మనం తినే అన్నంలోని శక్తి ఇలా సమకూరినదే.

ఈ విద్య ఇప్పుడు ఇంధన రంగానికీ అవసరమైంది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ ఉత్పత్తి సామర్థ్యాన్ని జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ లక్ష్యంగా పెట్టుకుంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టే యంత్రాల్లో ఒక రకానికి అత్యంత అరుదైన ఇరిడియం లోహం కావాలి. ఆకు మాత్రం చవకైన మాంగనీస్‌తో సరిపెట్టుకుంటుంది.

అయితే ఆకుకూ ఇబ్బంది ఉంది. తీవ్రమైన ఎండకు ఫోటోసిస్టమ్-2లోని ‘డీ1’ ప్రోటీన్ తరచూ దెబ్బతింటుంది. మొక్క దాన్ని తొలగించి, కొత్తదాన్ని అమర్చుకుంటుంది. మాంగనీస్ గుత్తిని పోలిన ఉత్ప్రేరకాలను ప్రయోగశాలల్లో తయారు చేస్తున్నా, తమను తాము బాగుచేసుకునే ఈ నేర్పును వాటికి అందించడమే శాస్త్రవేత్తల ముందున్న కష్టమైన పని.