1/70 మా తండాకు వర్తిస్తదా?

బాన్సువాడలో వకీలుగా ఉన్న నాకు చుట్టుపక్కల తండాలవాళ్ల నోట తరచూ వినపడే మాట 1/70. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1959లో తెచ్చిన రెగ్యులేషన్‌ను 1970లో ఇంకా బిగించారు, అదే 1/70. అక్కడ గిరిజనేతరుడి కింద ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతడే. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లదు. దీనికి అండ రాజ్యాంగం ఐదో షెడ్యూలు.

తెలుగువాళ్లలో ఈ చట్టాన్ని కె. బాలగోపాల్ అంత లోతుగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన ఆయన హక్కుల ఉద్యమంలోకి, ఆ తర్వాత నల్లకోటులోకి వచ్చారు. 2009లో కన్నుమూసేదాకా ఆదివాసుల భూమి గురించి రాశారు, కోర్టుల్లో వాదించారు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గనుల లీజులపై 'సమత' సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పోరాటాలకు కొండంత బలం. ఏజెన్సీలో సర్కారు భూమిని సర్కారే ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చినా చెల్లదని అది తేల్చింది.

మొన్నొక పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్లోంచి సాదా బైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం) తీసి నా బల్లమీద పెట్టింది. కింద భర్త వేలిముద్ర, సిరా చెదిరిపోయి ఉంది. "మేం ఎస్టీలమే గద సారూ, మా భూమి మాకు రాదా?" అంది.

మా బాన్సువాడ ఉన్న పాత నిజామాబాద్ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే, అంటే ఏజెన్సీయే, లేదు. 1976 సవరణతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలయ్యారు. ఆ రిజర్వేషన్ మనిషి వెంట వస్తుంది కానీ 1/70 ఏజెన్సీ హద్దు దాటి రాదు.

ఆమె పాత పాసుపుస్తకం కూడా తెప్పించి చూశాను. అమ్మకూడదన్న షరతుతో ఇచ్చిన లావణి పట్టా అది. అంటే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, మేం 9/77 అనేది, దానికి వర్తిస్తుంది. తహసీల్దారు ఆ భూమి స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారు కుటుంబానికి ఇప్పించే వీలుంది. దరఖాస్తు పెట్టించాను. అదే సొంత పట్టా అయ్యుంటే ఆ దారీ లేదు.

ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. పొరుగునే ఉన్న మహారాష్ట్రలో రెవెన్యూ కోడ్ 36ఏ సెక్షన్ రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. ఏజెన్సీ అయినా కాకపోయినా, అధికారుల అనుమతి లేనిదే గిరిజనుడి భూమి ఇతరులకు పోదు. (అక్కడ బంజారాలు, అంటే లంబాడీలు, ఎస్టీల్లో లేరు, ఆ మేలు వాళ్లకు అందదు.) అలాంటి చట్టానికి ఐదో షెడ్యూలూ రాష్ట్రపతి నోటిఫికేషనూ అక్కర్లేదు. భూమి రాష్ట్ర జాబితాలోని అంశం. తండాలను గ్రామపంచాయతీలు చేసిన 2018 చట్టం మన అసెంబ్లీలోనే పాసయింది. ఇదీ అక్కడే కావాలి.