దారి చూపేవాడుంటే ఒక్కపూటలో రామప్ప, కోటగుళ్ళు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల నుంచి ఏటా ఎందరో యాత్రా బస్సుల్లో కాశీకి, రామేశ్వరానికి, షిర్డీకి వెళ్ళి వస్తుంటారు. దారిలో ఆగ్రా తగిలితే తాజ్‌మహల్ ముందు ఫొటో దిగనివారు అరుదు. రెండేండ్లకొకసారి మేడారం జాతరకు ములుగు మీదుగా లక్షల మంది పోతారు. ఆ తోవలోనే జంగాలపల్లి దగ్గర పక్కకు మళ్ళితే పాలంపేట వస్తుంది. అక్కడి రామప్ప గుడిని 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. తెలుగునాట ఆ గౌరవం పొందిన మొదటి కట్టడం ఇదే. అయినా మేడారానికి పదిసార్లు పోయివచ్చి, ఆ మలుపు ఒక్కసారీ తిరగనివారు మన పల్లెల్లో కొల్లలుగా వున్నారు.

వెళ్ళినవారైనా ఏం చూచి వస్తున్నారన్నది వేరే సంగతి. కారు కిరాయికి మాట్లాడుకుని వస్తారు. చెప్పులు విడిచి, దేవునికి దణ్ణం పెట్టి, నంది పక్కన నిలబడి ఫొటోలు దిగి, చెరువు కట్ట మీద సద్ది విప్పుకుని తిని వెళ్ళిపోతారు. గంటలో అంతా అయిపోతుంది. ఆ గంటలో పక్కన చూపేవాడుంటే ఒక తీరు, లేకుంటే ఒక తీరు. హైదరాబాదు నుంచి, పరదేశాల నుంచి వచ్చేవారు గైడును మాట్లాడుకుంటారు. మన ఊళ్ళవారు మాత్రం ‘మన గుడికి మనకు గైడెందుకు?’ అనుకుంటారు. నిజానికి పొలంలో రాయినీ ఇంట్లో దూలాన్నీ ఎరిగిన రైతుకు, వడ్రంగికి, కంసాలికి ఈ గుడి గురించి చెప్పగలిగినంత విషయం పట్నవాసికి చెప్పడం కష్టం.

చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది శిల్పాల దగ్గర మొదలుపెడతారు. తెలిసినవారు పునాది దగ్గర మొదలుపెడతారు. ఇక్కడ నేలను తవ్వి, ఆ గోతిని ఇసుకతో నింపి గట్టిపరచి, దానిమీద గుడి నిలిపారు. భూమి కదిలినా ఆ అదురును ఇసుక మింగుతుందన్నది ఆనాటి కట్టుబడివారి ఆలోచన. ఇసుక మీద కట్టేటప్పుడు పైన బరువు తగ్గాలి కదా! అందుకే గర్భగుడి మీది శిఖరాన్ని రాతితో కాక ఇటుకతో లేపారు. ఆ ఇటుకకు నీటికంటే బరువు తక్కువ. చెరువులో వేస్తే తేలుతుంది. మట్టిలో కాలిపోయే పదార్థాలు కలిపి కాల్చడం వల్ల లోపల సన్నని రంధ్రాలు ఏర్పడి ఇంత తేలికైందని పరిశీలించినవారి అభిప్రాయం. ‘తేలే ఇటుక’ అని వింతగా చెప్పి వదిలేసే గైడు సగమే చెప్పినట్టు. కింద ఇసుక వుంది గనుకనే పైన తేలిక ఇటుక వచ్చిందని కలిపి చెబితే పదేండ్ల పిల్లవాడికి కూడా బోధపడుతుంది. మండపంలో నేల అక్కడక్కడ కుంగి వుండటం కూడా దాచకుండా చూపాలి. ఎనిమిది వందల ఏండ్లలో అంతపాటి కుంగినా గుడి నిలిచే వుంది మరి.

తరువాత రాళ్ళు. వెలుపలి గోడలది ఎర్రని ఇసుకరాయి. లోపలి స్తంభాలది, చూరు కింది బొమ్మలది నల్లరాయి. ఇసుకరాయి మెత్తన, తొందరగా అరుగుతుంది. నల్లరాయి ఉక్కులా గట్టిది. సన్నపని అంతా దాని మీదే చేశారు. గర్భాలయ ద్వారం దగ్గర దారం దూర్చగలిగినంత సన్నని రంధ్రాలు తొలిచారు. ఉలితో పనిచేసేవారు ఎవరైనా చూచి ముక్కున వేలేసుకోవలసిందే. గుడి చుట్టూ ఆరడుగుల ఎత్తు అరుగు మీద ప్రదక్షిణం చేస్తూ గోడ అడుగున చూస్తే ఏనుగుల బారు కనిపిస్తుంది. పిల్లలను లెక్కపెట్టమంటే చాలు, గుడి మొత్తం వాళ్ళే తిరిగి వస్తారు.

చూరు కింద మదనికలు పన్నెండు మంది. మూడు ద్వారాలకు ద్వారానికి నలుగురు చొప్పున వున్నారు. ఒకతె ఒంటికి పాములు చుట్టుకుని నిలబడుతుంది. ఇంకొకతె కాళ్ళకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి. ఇది చూచి నవ్వని ఆడపిల్ల వుండదు. వీరి నిలువులో, నడుము వంపులో నాట్యశాస్త్రం ఎరిగినవారు కాకతీయుల నాటి నృత్యరీతులను గుర్తించారు. నటరాజ రామకృష్ణగారు పేరిణి శివతాండవాన్ని తిరిగి బతికించడానికి ఈ శిల్పాలనూ, జాయప సేనాని రాసిన ‘నృత్త రత్నావళి’నీ ఆధారం చేసుకున్నారు. 1985 శివరాత్రినాడు ఈ గుడి ముందరే ఆ నృత్యాన్ని ప్రదర్శింపజేశారు. లోపల రంగమండపం చీకటిగా వుంటుంది. టార్చిలైటు వేస్తే తప్ప దూలాల మీది సముద్ర మథనం, త్రిపురాసుర సంహారం కనబడవు. టార్చి తేని గైడును నమ్మనక్కరలేదు!

కథలు చెప్పేవారితో వచ్చిన చిక్కు ఒకటుంది. జాయప సేనాని గ్రంథం చూచి ఈ బొమ్మలు చెక్కారని కొందరు చెబుతారు. గుడి కట్టింది 1213లో. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినట్టు గుడి ఆవరణలోని శాసనస్తంభం మీద తేదీతో సహా వుంది. జాయప గ్రంథం 1253–54 నాటిది. అంటే బొమ్మలు ముందు, పుస్తకం నలభై ఏండ్ల తర్వాత. అలాగే మార్కోపోలో ఈ గుడిని నక్షత్రాల్లోకెల్లా వెలిగే నక్షత్రమని పొగిడాడన్న మాట కరపత్రాల్లో సైతం ఎక్కింది. ఆయన పుస్తకంలో ఇక్కడి రాణి గురించి, వజ్రాల గురించి, సన్నని బట్టల గురించి వుంది గాని రామప్ప మాట లేదు. రామప్ప అనే శిల్పి పేరనే గుడికి ఆ పేరు వచ్చిందన్నది జనం నోట నిలిచిన మాట. దేవుని అసలు పేరు రుద్రేశ్వరుడు. జనశ్రుతిని జనశ్రుతిగా, శాసనాన్ని శాసనంగా విడమరచి చెప్పేవాడే మంచి గైడు. గొప్పలు జోడించనక్కరలేకుండానే ఈ గుడి గొప్పది.

ఇంకో చిక్కు కథలకంటే పెద్దది. గర్భాలయ ద్వారం పక్కన వేణుగోపాలుని శిల్పం మీద వేళ్ళతో తడితే సరిగమలు పలుకుతాయంటారు. ఒక గైడు తట్టి వినిపిస్తే, వెనకాల వచ్చిన నలభైమందీ తట్టిచూస్తారు. రోజూ ఇదే వరస. గట్టి నల్లరాయి అయినా చేతి చెమటకు, ఉంగరాల రాపిడికి అరగకుండా వుండదు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో వున్న కట్టడం. ఇటువంటి కట్టడాలకు నష్టం కలిగిస్తే రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చునని చట్టం చెబుతోంది. అరిగిన శిల్పానికి జరిమానాతో ముక్కు మొలవదు గనుక, గైడే చేతులు కట్టుకుని చెప్పడం నేర్చుకోవాలి.

పాలంపేట నుంచి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ళున్నాయి. అసలు విచారం ఇక్కడే. రామప్ప దగ్గర కారు తిప్పుకుని వెనక్కు పోయేవారే ఎక్కువ. ఈ పది కిలోమీటర్లు ముందుకు వచ్చేవారు తక్కువ. 2016లో భూపాలపల్లి జిల్లా ఏర్పడినప్పుడు రామప్ప, కోటగుళ్ళు రెండూ ఒకే జిల్లాలో వుండేవి. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా విడిపోయాక రామప్ప అటు పోయింది, కోటగుళ్ళు ఇటు మిగిలాయి. రాళ్ళకు జిల్లాలు తెలియవు. కాగితాల మీద మాత్రం యాత్ర రెండు ముక్కలైంది.

చుట్టూ ప్రాకారం, అందులో చిన్నా పెద్దా కలిపి 22 గుళ్ళు. కోట గోడలాంటి ఆ ప్రాకారం వల్లనే వీటికి కోటగుళ్ళన్న పేరు. నడుమ గణపేశ్వరాలయం కాస్త నిలిచి వుంది. చుట్టూ వున్నవి చాలావరకు శిథిలాలు. రామప్పలో కనబడనిది ఇక్కడ కనబడుతుంది. గుడి పైకప్పు పోయినప్పుడు స్తంభం దూలాన్ని ఎలా మోస్తున్నదో, ఒక రాయి మరో రాయిలో ఎలా కూర్చున్నదో విప్పిన యంత్రంలా బయటపడుతుంది. రామప్పలో నిండు గుడిని చూచి, ఇక్కడ దాని లోపలి ఎముకలు చూడాలి. ఉత్తర ద్వారం దగ్గర మదనికలున్నారు. సగం మనిషి, సగం సింహం అయిన రూపం ఏనుగు మీద ఎక్కిన శిల్పాలు ఈ గుడికే ప్రత్యేకం. గుడి దాటితే గణపురం చెరువు. పాలంపేటలోనూ గుడి పక్కనే చెరువు. కాకతీయులు గుడి కట్టినచోట చెరువు తవ్వించారు. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి ఒకటే పథకం. ఆ చెరువుల కింద ఈనాటికీ పొలాలు పారుతున్నాయి.

జనం రాని గుడికి మరో గండం వుంది. గుప్తనిధుల ఆశతో రాత్రిపూట గునపాలు పట్టుకుని తిరిగేవారు తెలంగాణలో పాత గుళ్ళను చాలాచోట్ల పాడుచేశారు. పగలు పదిమంది వచ్చిపోయే చోట రాత్రిపూట తవ్వేవాడికి కొంత జంకు వుంటుంది. యాత్రికుడే కాపలాదారు అన్నమాట.

జనగామ వైపు నుంచి వచ్చేవారు తెల్లవారకముందే బయలుదేరి హనుమకొండ, ములుగు, జంగాలపల్లి మీదుగా పాలంపేట చేరడం మంచిది. హనుమకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. గుడి ముఖం తూర్పుకు గనుక ఉదయపు ఎండ మదనికల మీద పడుతుంది. మధ్యాహ్నమైతే ముఖాలు నీడలోకి పోతాయి. పైగా వేసవిలో పదకొండు దాటితే ఉత్తకాళ్ళతో ఆ రాతి అరుగు మీద అడుగు నిలవదు. సోమవారాలు, శివరాత్రి రోజుల్లో దర్శనానికి జనం ఎక్కువ. శిల్పాల కోసం వచ్చేవారు తక్కిన రోజులు ఎంచుకోవాలి. మహబూబాబాద్ వారికి గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి దారి దగ్గర. భూపాలపల్లివారు చెల్పూరు దాటి ముందుగా కోటగుళ్ళు చూచుకుని రామప్పకు రావచ్చు. గైడుకు గుర్తింపు కార్డు వున్నదీ లేనిదీ చూడటం, ఎంత ఇవ్వాలో, ఎంతసేపు చెప్పాలో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఎనిమిది మంది కలిసి ఒక గైడును పెట్టుకుంటే తలా కొంచెమే పడుతుంది. నలభైమందికి ఒక్కడైతే వెనకవారికి మాట వినబడదు.

జనగామవారు తిరుగు ప్రయాణంలో వచ్చినదారి పట్టనక్కరలేదు. కోటగుళ్ళ నుంచి రేగొండ, పరకాల మీదుగా హనుమకొండ చేరవచ్చు. రేగొండ మండలంలోనే పాండవుల గుట్టలున్నాయి. అక్కడి రాతి గుహల్లో ఎర్ర జాజుతో గీసిన అడవిదున్నలు, జింకలు, విల్లంబులు వున్నాయి. ఇవి చరిత్రకు పూర్వపు మనుషుల చేతి గీతలు. 1990లో వెలుగులోకి వచ్చాయి. గుట్ట ఎక్కాలి గనుక ముసలివారిని, పసిపిల్లలను వెంటబెట్టుకున్నవారు దీన్ని మరోరోజుకు వుంచుకోవడం మేలు. ఓపిక మిగిలితే హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి దారిలోనే. రామప్పను చూచిన కళ్ళతో దాన్ని చూస్తే అర్ధశతాబ్దంలో కాకతీయుల ఉలి ఎంత సన్నబడిందో తెలిసిపోతుంది.

ఇంత సంపద చుట్టూ వుండగా చూపేవారు ఎక్కడినుంచో రావలసిన పనిలేదు. పాలంపేట, గణపురం, వెంకటాపురం పిల్లలు బడిలో పద్యం అప్పజెప్పినట్టే శాసనంలో ఏముందో నాలుగు ముక్కలు తెలుగులో, నాలుగు హిందీలో, నాలుగు ఇంగ్లీషులో చెప్పగలిగితే ఊళ్ళోనే బతుకుతెరువు దొరుకుతుంది. రాళ్ళ పేర్లు, కట్టుబడి పద్ధతులు వారి తాతలకు తెలిసినవే. పురావస్తు శాఖవారు, పర్యాటక శాఖవారు ఇటువంటి యువకులకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఏడాదికోసారి ఈ ఆవరణల్లోనే శిక్షణ ఇప్పించాలి. గదిలో కూర్చుని నేర్చిన పాఠం గర్భగుడి చీకట్లో అక్కరకు రాదు.

ఈ పని ఒక్క రామప్పతో ఆగేది కూడా కాదు. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో 1939లో ప్రారంభమైన పెద్ద చర్చి వుంది. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య ఆధ్వర్యంలో కట్టారు. అందులో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసి వున్నాయి. దాన్ని రైలు కిటికీలోంచి చూచినవారే తప్ప లోపలికి వెళ్ళి ఆ కలయికను విడమరచి చెప్పించుకున్నవారు తక్కువ. జనగామ జిల్లాలో పాలకుర్తి, పోతన పేరు చెప్పుకునే బమ్మెర, పలుచని ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు తీర్చే పెంబర్తి ఒక్కరోజు కారు ప్రయాణంలో చూడవచ్చు. పెంబర్తిలో పనివారి ఇళ్ళ ముందు కూర్చుంటే గైడు అవసరం కూడా లేదు. రేకును కొలిమిలో ఎందుకు కాలుస్తారో, లక్క మీద ఎందుకు పరుస్తారో సుత్తి పట్టినవారే చెబుతారు.