విమానం టికెట్టు సరే... కారు కిరాయి మాటేమిటి?

అమ్మాయికి నెలలు నిండొస్తున్నాయి. అమెరికా వెళ్లాలి. వీసా వచ్చింది, టికెట్టు అల్లుడే కొని పంపాడు. గోంగూర పచ్చడి, కారప్పొడి, పాత చీరలతో కుట్టిన బొంతలు... పెట్టెలు కూడా సర్దేశారు. అన్నీ అయ్యాక ఆఖర్న గుర్తొచ్చే ఖర్చు ఒకటుంది. మధిర నుంచి శంషాబాద్‌కు కారు కిరాయి! దాన్ని అల్లుణ్ని అడగలేం కదా.

2008 మార్చి వరకూ విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి. సికింద్రాబాద్‌లో రైలు దిగితే ఆటోలో పోయేంత దూరం. శంషాబాద్‌కు మారాక ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు ఖమ్మం, సూర్యాపేట మీదుగా వెళ్లి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి పోనక్కర్లేదు. దూరం రమారమి 250 కిలోమీటర్లు. కానీ కిరాయి కట్టేది 500కి. మిమ్మల్ని దింపాక కారు ఖాళీగా తిరిగి రావాలి మరి! కిలోమీటరుకు 14 రూపాయలని మాట్లాడుకున్నారనుకోండి, 7,000. దానిపైన డ్రైవరు బత్తా, టోల్, పార్కింగు.

అసలు మెలిక ఇక్కడుంది. రాత్రి ఎనిమిదికి బయల్దేరిన కారు తెల్లారి పదింటికల్లా ఊరు చేరినా, అర్ధరాత్రి దాటింది గనుక రెండు రోజులని లెక్కగట్టేవాళ్లున్నారు. రోజుకు కనీసం 300 కిలోమీటర్లనే షరతు కూడా ఉంటే 600కి డబ్బివ్వాలి. పైన చెప్పిన రేటుకే 8,400. "రోజుల లెక్కా, గంటల లెక్కా బాబూ?" అని ముందే అడగండి. మొహమాటం దేనికి? బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల్లో ట్యాక్సీలకు మీటర్లే ఉండవు. ఎక్కే ముందే రేటు తేల్చుకోవడం అక్కడ మామూలు.

టోల్ సంగతీ తెలుసుకోవాలి. జాతీయ రహదారి మీద 24 గంటల్లోపు అదే దారిన తిరిగొస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే, రెండింతలు కాదు. ఫాస్టాగ్ ఉంది కాబట్టి ఎంత కోశారో డ్రైవరు ఫోన్లోనే కనిపిస్తుంది. ఔటర్ మీద కట్టేది వేరే.

"మనవాడి కారే పిన్నీ, సగానికే వస్తాడు" అంటారు. తెల్ల నంబరు ప్లేటు బండి కిరాయికి తిప్పకూడదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఆ సగం ఆదా ఎందుకూ?

టాటా చెప్పడానికి రెండో కారునిండా చుట్టాలు రావడమూ మన దగ్గర ఆనవాయితీ. లోపలికి రానివ్వరు, బయటే కళ్లు తుడుచుకుని తిరిగి రావాలి. ఆ రెండో కారు డబ్బులతో పాపకు గొలుసు రాదేమో గానీ వెండి పట్టీలు వస్తాయి.

సామాను తేలికైతే రైలు మంచిదే. మధిరలో ఆగే గోల్కొండ, శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగితే విమానాశ్రయానికి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. 23 కిలోల పెట్టెలు రెండు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు మాత్రం చెప్పను. ఇంకో దారి గన్నవరం. మధిరకు శంషాబాద్‌లో మూడో వంతు దూరమే. ఢిల్లీ మీదుగా ఒకే టికెట్టు దొరుకుతుందేమో అల్లుణ్నే చూడమనండి. టికెట్టు నాలుగైదు వేలు ఎక్కువైనా కిరాయిలో కలిసొస్తుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఢిల్లీలో పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లకు ఇది కాస్త కష్టమే. వీల్‌చెయిర్ అడిగితే తోడొచ్చి దాటిస్తారు.

తిరిగొచ్చే రోజుకు ఇంకో జాగ్రత్త. గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రో తెల్లవారుజామునో దిగుతాయి. 90 రోజులు వాడకుండా ఉంటే మన సిమ్ ఆగిపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత దిగేసరికి డ్రైవరుకు ఫోను కలవదు. అబ్బాయితో మధ్య మధ్యలో రీచార్జి చేయించండి. డ్రైవరు నంబరు, కారు నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. పర్సులో ఓ రెండు వేల మన రూపాయలూ ఉంచుకోండి.