ఏడు రోజుల తర్వాత

యోబు కష్టాల సంగతి విని ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడింది. నీలో ఏదో పాపముంది, లేకుంటే ఇలా ఎందుకవుతుందని వాదించారు. క్యాన్సర్ రోగిని పరామర్శించబోయే మనలో చాలామందిమి ఆ ఏడు రోజులు వదిలేసి ఎనిమిదో రోజుతో మొదలుపెడతాం.

క్లోమగ్రంథి క్యాన్సర్ వచ్చినవారికి ఆ మాటలు మరీ క్రూరమైనవి. క్లోమం కడుపు వెనక, వెన్నుకు దగ్గరగా, లోతున ఉంటుంది. జబ్బు ముదిరేదాకా తరచు బయటపడదు. కణితి పైత్యనాళాన్ని నొక్కితే కళ్లు పచ్చబడతాయి. మన పల్లెల్లో కామెర్లనగానే గుర్తొచ్చేది పసరు మందు. హుస్నాబాద్ నుంచి బయల్దేరి హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్‌కు వీలుండే దశ దాటిపోవచ్చు.

మరి మనసు సంగతి? ఈ జబ్బులో దిగులు, ఆందోళన జబ్బు పేరు తెలియకముందే మొదలు కావచ్చని యాస్కిన్ అనే అమెరికా వైద్యుడు 1931లోనే రాశాడు. కణితివల్ల పుట్టే కొన్ని రసాయనాలు మెదడు మీద పనిచేస్తాయేమోనని పరిశోధకుల అనుమానం. కాబట్టి గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి విశ్వాసం సన్నగిల్లిందని తీర్పు చెప్పకండి. ఆ దిగులు జబ్బులో భాగం కావచ్చు, దానికీ మందులున్నాయి. మానసిక వైద్యుడు ప్రార్థనకు పోటీదారు కాడు. నొప్పి కూడా అంతే. కడుపులో మొదలై నడుములోకి పాకే ఆ నొప్పి తగ్గనిదే ఏ ఆదరణ వాక్యమూ చెవికెక్కదు. మార్ఫిన్ రోగులకు సులువుగా అందాలని 2014లో చట్టాన్నే సవరించారు. పెద్ద నొప్పికి అది మందు, వ్యసనమని భయపడి దాచిపెట్టేది కాదు.

'రెండు ముద్దలైనా తిను' అని రోజూ బతిమాలడం మరో హింస. క్లోమరసం సరిగా అందక తిన్నది అరగదు. డాక్టరునడిగితే అందుకు ఎంజైము గుళికలు రాస్తారు.

వీటన్నిటికంటె పెద్ద చిక్కు దాపరికం. 'ఆయనకు చెప్పకండి సారూ, గుండె పగుల్తది' అంటారు ఇంటివాళ్లు. ఆయనకు ఎప్పుడో తెలుసు. భార్య ఏడుస్తుందని తనూ తెలియనట్టే ఉంటాడు. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒంటరివాళ్లే. నీవు మరణమౌతావు, ఇల్లు చక్కబెట్టుకో అని హిజ్కియా రాజుకు యెషయా సూటిగానే చెప్పాడు. రాజు గోడవైపు తిరిగి వలవలా ఏడ్చాడు. ఆ కన్నీళ్లను దేవుడు చూశాడు గాని గద్దించలేదు. రాజు ఆయుష్షుకు కలిసిన 15 ఏళ్ల గురించి చాలా ప్రసంగాలు విన్నాం, ఆ ఏడుపు గురించి విన్నవి తక్కువ. ఈ జబ్బులో అన్నేళ్లు పొందేవారు బహుకొద్దిమంది. కాని ఇల్లు చక్కబెట్టుకునే తీరిక చాలామందికి దొరుకుతుంది. పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుంది, సంఘంలో అప్పెంత, చిన్నబిడ్డ పెండ్లి ఎవరు చేస్తరు, నా బట్టలు ఎవరికిస్తరు? ఇవి అడగనిచ్చి, తెలిసినంతవరకు జవాబు చెప్పిన రాత్రి ఆ మనిషికి కాస్త కన్నంటుకుంటుంది.